అంచు విరిగిన అచ్చు

ఆ రోజు ఉదయం మా బావ బట్ట మీద అద్దిన పూలతీగ వంకరపోయింది. అదే మొదటి లక్షణం. నేను చదవలేకపోయాను.

పెడనలో మాది చిన్న కలంకారీ షెడ్డు. అక్క భర్త పాతికేళ్లుగా అక్కడ చెక్క అచ్చులతో బట్ట మీద అద్దకం వేస్తున్నాడు. ఆయన వేస్తే అతుకు కనిపించదు. ఆ రోజు మాత్రం ప్రతి అచ్చూ పక్కకు జరిగింది.

"ఏం బావా, రాత్రి గట్టిగా పట్టించావా?" అన్నాను. పనివాళ్లు నవ్వారు. బావకు తాగుడు అలవాటు లేదు. మాట్లాడకుండా ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి నాకు చూపించాడు. అచ్చు జారిపడి అంచు విరిగింది. గోడ గడియారం చూసి, "తొమ్మిదింటికే నటన మొదలెట్టావా? పోయి పడుకో" అన్నాను.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన అక్క, బావ మూతి వంకర చూసి కేక పెట్టింది. మచిలీపట్నం ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట. సీటీ స్కాన్ తీశారు.

"స్ట్రోకండీ. మెదడులో క్లాట్, అంటే రక్తపు గడ్డ ఉంది. మొదట ఎప్పుడు కనిపించింది?" అని డాక్టరుగారు అడిగారు.

"తెలీదండి" అన్నాను.

"టైము తెలియకపోతే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేం. నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి."

నోరు తెరిచాను. పక్కనే అక్క ఉంది. మూసుకున్నాను. తర్వాత చుట్టాలందరికీ, "ఒంట్లో బాగోలేదని బావ ఒక్కమాట చెప్పలేదు" అన్నాను. అది అబద్ధం. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. అఫేసియా అన్నారు. "మాట పోయింది గానీ మనిషి పోలేదండీ. ఏదో ఒక గుర్తు అందించండి" అంది స్పీచ్ థెరపిస్టు. ఆవిడిచ్చిన బొమ్మల చార్టును బావ మూడుసార్లు విసిరేశాడు. అప్పుడు షెడ్డులోని అచ్చులు గోనెసంచిలో ఇంటికి తెచ్చి మంచం మీద పోశాను.

బావ కళ్లు వెలిగాయి! మామిడిపిందె చూపిస్తే ఆకలి. అంచు గీత చూపిస్తే 'ఇక చాలు' అని. చిలక మా అక్క. మూడోరోజు చిలకనూ అంచు గీతనూ పక్కపక్కన పెట్టాడు. అక్కను మాటలు ఇక ఆపమని. "మాట పడిపోయినా దెప్పడం పోలేదు చూడు" అని అక్క ఏడుస్తూ నవ్వింది. బావ వాక్యం చెప్పాడని వీధిలో అందరికీ చెప్పొచ్చాను.

మర్నాడు సంచి వెతికి, విరిగిన అచ్చు నా ముందు పెట్టాడు. కుడిచెయ్యి చూపించాడు. గడియారం చూపించాడు. ఎడమచేతి వేళ్లు ఐదు, మళ్లీ నాలుగు.

"తొమ్మిదేమిట్రా తమ్ముడూ?" అంది అక్క.

అన్నీ గుర్తున్నాయన్న సంతోషం, దొరికిపోయానన్న భయం ఒక్కసారే వచ్చాయి. అంతా చెప్పేశాను. ఆ ఇంజెక్షన్‌తో పూర్తిగా బాగయ్యేదని డాక్టరుగారు కూడా చెప్పలేరు. ఆ అవకాశం నేను పోగొట్టాను. అక్క నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. చివరికి బావే చిలక అచ్చు నా చేతిలో పెట్టి, వంటింటి వైపు తోశాడు.

ఇప్పుడు బావ ఎడమచేత్తో రోజూ గంటసేపు అద్దుతున్నాడు. "టీ", "రా" అంటున్నాడు. నిన్న నన్ను "వెధవా" అన్నాడు, స్పష్టంగా!

ఎవరికైనా చెయ్యి, మూతి, మాట తేడాగా కనిపిస్తే ముందు గడియారం చూడండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆ టైము డాక్టరుకు చెప్పండి. మీ పరువు పోయినా సరే, చెప్పండి.