తిమ్మిరికి గోలా ఎక్స్‌ట్రా

ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, నల్గొండ వైపు వెళ్ళే బస్సుల హారన్ల మధ్య రోడ్డు దాటి, రెండో అంతస్తులో ఉన్న పళ్ళ క్లినిక్ అద్దాల తలుపు తోయగానే లవంగనూనె వాసన గుప్పున వచ్చింది. మెత్తటి సోఫాలు, చల్లటి ఏసీ, గోడల మీద పకపక నవ్వే పళ్ళ బొమ్మలు ఎన్ని ఉన్నా, ఆ వాసన మాత్రం మా నానమ్మ చీరకొంగుదే. కౌంటరు దగ్గరి అమ్మాయి నా పేరు రాసుకుని, "సూది లేకుండ తిమ్మిరి ఎక్కిచ్చే మెషిన్ ఒచ్చింది మేడమ్. దానికి జర ఎక్స్‌ట్రా అయితది. ఎక్కువ చిన్నపిల్లలకే పెట్టిచ్చుకుంటరు" అంది. "నాకు పెట్టమ్మా, ఎంతైనా సరే" అన్నాను. పక్కన ఉన్న మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "మమ్మీ, నీకు సూదంటే భయమా?" అని కిసుక్కున నవ్వింది. నా వంతు వచ్చేసరికి ఇంకా చాలాసేపు పట్టేలా ఉంది కాబట్టి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా నానమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాక మేము ఎల్బీ నగర్‌లో ఒక గల్లీలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి దిగాం. మగ్గం ఊళ్ళోనే ఉండిపోయింది గానీ నానమ్మ తనతోపాటు ఒక సంచీ నిండా పట్టు పోగులు తెచ్చుకుంది. వాటితో ఆమె చేయని పని లేదు. జడలకు అవే, తెగిన చెప్పులకు అవే, గాలిపటాల తోకలకు అవే, ఊగే పళ్ళు పీకడానికీ అవే. నేత ఇంట్లో తెగిన పోగును అతికి అతికి అలవాటుపడిన వేళ్ళు కదా, నోట్లో చెయ్యి పెట్టింది తెలియకముందే పన్ను చుట్టూ ముడి పడిపోయేది.

ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం గాలి మంటలా కొట్టేటప్పుడు, గల్లీలో పిల్లలమంతా మా వరండాలో చేరేవాళ్ళం. ఒక మూల కచ్చకాయలు, ఒక మూల అష్టాచెమ్మా, మధ్యలో నానమ్మ కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తూ, నోరు మాత్రం ఖాళీగా ఉంచకుండా కథలు చెబుతూ ఉండేది. ఎవడికైనా పన్ను ఊగితే సిగ్గుపడుతూ వచ్చి ముందు నిలబడేవాడు. "ఊకెనే పీకాల్నా, తిమ్మిరి ఎక్కిచ్చి పీకాల్నా?" అని అడిగేది నానమ్మ. ఊరికే పీకితే ఉచితం. తిమ్మిరి కావాలంటే గల్లీ మలుపులో ఉండే ఐస్ గోలా బండి నుంచి రెండు గోలాలు తేవాలి. ఒకటి పన్ను దగ్గర పెట్టుకుని చిగురు మొద్దుబారేదాకా చప్పరించడానికి, రెండోది నానమ్మకు. అదే ఎక్స్‌ట్రా. ఆమెకు దగ్గు అని నాన్న చల్లటివన్నీ బంద్ చేయించాడు మరి. నేరేడుపండు రంగులో పుల్లగా ఉండే కాలా ఖట్టా గోలా అంటే ప్రాణం పెట్టే మనిషి, మా పళ్ళ పుణ్యమా అని ఎండాకాలమంతా తినేది. నాన్న వచ్చే వేళకు కొంగుతో నాలుక తుడుచుకుని, పంటినొప్పి అని చెప్పి ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది. వాసనకు అనుమానం రాదు కదా.

కథ మంచి పట్టుమీద ఉన్నప్పుడు, రాక్షసుడు తలుపు తీసేటప్పుడో రాజకుమారి గుర్రం ఎక్కేటప్పుడో, పోగు ఒక్క గుంజు గుంజేది. పన్ను ఆమె చేతిలో, రాక్షసుడు మా కళ్ళలో. ఏడ్చినవాణ్ణి "గింత దానికే ఏడుస్తరా? సిగ్గు లేదు" అని ఆటపట్టించేది. తరవాత గల్లీ చివర పాలాయన బర్రెల దగ్గర నుంచి ఇంత పేడ తెచ్చి, అందులో పన్ను పెట్టి, ఓనరుగారి రేకుల మీదకు విసిరేవాళ్ళం. ఓనరు భార్య గుంటూరు వైపు ఆవిడ. బయటికి వచ్చి, "పెద్దమ్మగారూ, వానాకాలంలో మా రేకుల మీద పళ్ళ మొక్కలు మొలుస్తాయేమోనండీ, కాస్త చెప్పండి మీ పిల్లలకి!" అనేది. నానమ్మ నవ్వి ఆవిడకు ఒక గిన్నెలో సకినాలు పంపేది. ఆవిడ అదే గిన్నెలో జంతికలు పెట్టి పంపేది. పళ్ళు మాత్రం రేకుల మీద పడుతూనే ఉండేవి.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, మక్కకంకులు వచ్చే వానాకాలంలో, అబద్ధపు పంటినొప్పి నిజమైపోయింది. నానమ్మ దవడపన్ను పుచ్చి, బుగ్గ బూరెలా ఉబ్బింది. బొగ్గుల మీద కాల్చిన కంకి వాసన గల్లీ అంతా కమ్ముకుంటే ఆమె మాత్రం జొన్న గటక నీళ్ళల్లో కలుపుకుని తాగేది. కథలు ఆగిపోయాయి. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వాపు తగ్గడానికి గోళీలిచ్చి, వచ్చే వారం సూదివేసి పన్ను తీసేస్తానన్నాడట. ఇంటికొచ్చి నానమ్మ మంచం ఎక్కి అటు తిరిగి పడుకుంది.

"నేను పోను. సూది ఏయిచ్చుకోను" అంది.

"అమ్మా, అది తియ్యకుంటె చీము పైకి ఎక్కుతదంట. పానానికే ముప్పు" అని నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి మంచం పక్కన కూలబడ్డాడు. నేను తలుపు చాటు నుంచి వింటున్నాను. గల్లీ పిల్లలందరి పళ్ళు పీకిన నానమ్మకు సూదంటే భయమని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె చచ్చిపోతుందని నాకు గట్టిగా అనిపించింది. ఆ రాత్రి ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

పొద్దున్నే ఆమె చెవిలో చెప్పాను. "నానమ్మా, మనం తిమ్మిరి ఎక్కిచ్చుకునే పోదాం. అప్పుడు సూదితోని ఏం పని?"

నానమ్మ లేచి కూర్చుంది. "నిజమే బిడ్డా" అంది.

డాక్టరు చెప్పిన రోజు నాన్న దుకాణం నుంచి నేరుగా అక్కడికి వచ్చేలా, మేమిద్దరం బస్సులో వెళ్ళేలా ఏర్పాటైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగగానే, పుస్తకాల దుకాణాల పక్కన ఉన్న గోలా బండి దగ్గర నిలబడ్డాం. పన్ను పెద్దది కాబట్టి తిమ్మిరి కూడా పెద్దదే కావాలని, నానమ్మ ఒక కాలా ఖట్టా అయ్యాక ఇంకొకటి, అదీ అయ్యాక బండివాణ్ణి రంగునీళ్ళు మళ్ళీ పోయమని మరొకటి, కళ్ళు మూసుకుని దవడకు ఆనించుకుంది. చల్లటి ఐసు పుచ్చుపంటికి తగిలితే ప్రాణం జివ్వుమని ఉంటుంది. కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆపలేదు. సూదికంటే అదే నయమనుకుంది పాపం.

కుర్చీలో కూర్చుని నోరు తెరవగానే డాక్టరుగారు ఒక అడుగు వెనక్కి వేశాడు. నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం అంతా నల్లటి ఊదారంగు. "పోయినసారి ఇలా లేదే! ఎప్పటి నుంచి ఇలా నల్లబడింది?" అని టార్చి వేసి చూశాడు. నాన్నను పక్కకు పిలిచి, ఉస్మానియా ఆసుపత్రికి రాసిస్తాను, ఆలస్యం చేయొద్దు అంటున్నాడు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసి నేను భోరుమన్నాను. "అది గోలా సార్! కాలా ఖట్టా! తిమ్మిరి కోసం తిన్నది!"

డాక్టరుగారు దూదితో తుడిచి చూసుకున్నాడు. రంగు దూదికి అంటింది. ఆయన కుర్చీ పట్టుకుని నవ్వాడు. నాన్నకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నానమ్మ మాత్రం నవ్వలేదు. డాక్టరుగారి చెయ్యి పట్టుకుంది.

"సార్, ఎన్ని పైసలు ఎక్కువైన ఇస్త. సూది లేకుండ తిమ్మిరి ఎక్కియ్యుండ్రి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అలాంటిది ఉంటే నేనే ఊరికే వేద్దునమ్మా. లేదు" అన్నాడు మెల్లగా.

నానమ్మ నన్ను దగ్గరికి పిలిచి నా చెయ్యి తీసుకుంది. ఐసు పట్టుకున్న ఆ వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని సూది వేయించుకుంది. నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే మర్నాటి దాకా పెన్సిలు పట్టలేకపోయాను. పన్ను వచ్చేసింది. గండం గడిచింది. మక్కకంకులు అయిపోకముందే ఆమె మళ్ళీ గింజలు ఒలుచుకుని తింది.

ఆ తరవాత కూడా గల్లీ పళ్ళన్నీ ఆమే పీకింది, ఎక్స్‌ట్రా గోలా కూడా మానలేదు. కానీ ఏడ్చేవాళ్ళను ఆటపట్టించడం మానేసింది. "భయమైతది బిడ్డా. నాకు గూడ అయింది. నా చెయ్యి వట్టుకో" అనేది.

ఇప్పుడు ఆ గల్లీలో రేకుల ఇల్లు లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. పాలాయన బర్రెలు లేవు, మలుపులో గోలా బండి ఉన్నచోట మొబైల్ కవర్ల దుకాణం వచ్చింది. ఊగే పన్నును ఎవరి వరండాకో తీసుకెళ్ళే పిల్లలు లేరు. నానమ్మా లేదు, పోయి ఎనిమిదేళ్ళయింది.

నా పేరు పిలిచారు. మా అమ్మాయి ఫోను సంచిలో పడేసి, అడగకుండానే నాతో లోపలికి వచ్చింది. డాక్టరమ్మ పెన్నులాంటి దాన్ని పైచిగురుకు ఆనించి నొక్కింది. టప్ మని చిన్న చప్పుడు, అంతే. పెదవి, ముక్కు అంచు మొద్దుబారిపోయాయి. నొప్పి లేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

"నొప్పిగా ఉందాండీ?" అని ఆమె కంగారుపడింది. లేదని తల ఊపి ఏదో చెప్పబోయాను గానీ, మొద్దుబారిన నోటితో ఆ మాటలు నాకే అర్థం కాలేదు.

మా అమ్మాయికి అర్థమైంది. "మా తాతమ్మకు, మమ్మీ వాళ్ళ నానమ్మకు, సూదంటే బాగా భయం డాక్టర్. ఇది ఆమెకు చేయించాలని మమ్మీ కోరిక" అంది.

"అయ్యో, దానికేముందమ్మా" అంది డాక్టరమ్మ చేతికి గ్లవుజు సర్దుకుంటూ. "రేపే తీసుకురండి. అస్సలు నొప్పి తెలియనివ్వను."

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.