మా బావ వేసిన దురాయి

మొన్న పొద్దున తెనాలిలో, మా వీధి మలుపున ఉన్న హోటల్లో ఇడ్లీ తింటూ ఉండగా టీవీలో వార్త వచ్చింది. ఎవరో ఒక నాయకుడి కూతురు చిన్న వయసులోనే పోయిందట. హోటలాయన సౌండు పెంచాడు, సర్వరు చట్నీ గిన్నె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు, నా ఎదుట కూర్చున్న పెద్దమనిషి, నిన్నటి దాకా ఆ నాయకుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టినవాడే, తువ్వాలు తీసి కళ్ళద్దుకున్నాడు. "ఎంత కష్టమొచ్చిందండీ పాపం, పగవాడికి కూడా వద్దు" అన్నాడు నాతో. అవునండి అన్నాను. ఇడ్లీ సగంలో వదిలేసి ఇంటికి బయల్దేరాను.

నా మనసు రాయి అని ఆయన అనుకుని ఉంటాడు. అనుకోనివ్వండి. నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, చేదుగా ఉంటే ఏమనుకోకండి.

మాది రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లె. ఇంటిల్లిపాదీ వేట మీద బతికినవాళ్ళమే. నేను మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పి వాంతులు చేసుకునేవాణ్ణి కాబట్టి, వీడు నీళ్ళకు పనికిరాడని తేల్చి మా నాన్న బడికి పంపాడు. ఆ నాలుగు అక్షరాల పుణ్యమా అని రేపల్లెలో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా కుదిరాను. మా అక్కను పల్లెలోనే ఇచ్చారు. మా బావ పల్లె పెద్దల్లో ఒకడు, మాటంటే మాట అనే మనిషి, ఆ పేరంటే ప్రాణం ఆయనకు. వాళ్ళకు ఒక్కడే కొడుకు. నా మేనల్లుడని చెప్పుకోవడం కాదుగాని, అంత నవ్వుముఖం నేను మళ్ళీ చూడలేదు. పెళ్ళి మాటలు కూడా నడుస్తున్నాయి అప్పుడు.

మా వైపు పల్లెల్లో దురాయి అని ఒక కట్టడి ఉండేది. పల్లెలో ఎవరైనా పోతే ఐదో రోజున చేసే చిన్నదినం అయ్యేదాకా ఒక్క పడవ అడుగు కూడా నీళ్ళు తాకకూడదు. చావు ఇంటివాళ్ళు ఏడుస్తుంటే పక్కింటివాడు చేపలు తెచ్చి అమ్ముకోవడం ఏం మర్యాద అని పూర్వం పెద్దలు పెట్టిన పద్ధతి అది, మంచి పద్ధతే. ఏదైనా అవసరం పడితే, చావు జరిగిన ఇంటివాళ్ళు సరేనని ఒక్క మాట అంటేనే దాన్ని ముందుగా ఎత్తేవాళ్ళు. ఇంకెవరు చెప్పినా చెల్లేది కాదు.

ఆ రోజుల్లో మా ప్రాంతానికి ఒక నాయకుడుండేవాడు. కాపురం బాపట్లలో. ఓట్లప్పుడు తప్ప మా పల్లె మొహం చూసి ఎరగడు, వస్తానన్న రోడ్డు రాలేదు, కట్టిస్తానన్న జెట్టీ కాగితాల మీద కూడా లేదు. అయినా ఆయన ఒక్కగానొక్క కొడుకు చేబ్రోలు దగ్గర కారు ప్రమాదంలో పోయాడని తెలియగానే అవన్నీ ఎవరికీ గుర్తు రాలేదు. రేపల్లె బజారులో ఎవరూ చెప్పకుండానే షాపులు మూసేశారు. ఆయన్ని తిట్టిన నోళ్ళే అయ్యో అన్నాయి. నేనూ అన్నాను. మా ఫ్యాక్టరీ ఆపేస్తే నేను పల్లెకు వెళ్ళాను, అప్పటికే అందరూ రామాలయం ముందు చేరి ఉన్నారు. "మన పిల్లోడే పోయాడనుకోండి, ఆయనకి చిన్నదినం అయ్యేదాకా పడవలు దించేది లేదు" అని మా బావ దురాయి వేశాడు. పల్లె బయటి చావుకు దురాయి వేయడం అదే మొదలు. ఒక్కరు కాదనలేదు, ఆడవాళ్ళయితే అప్పటికే ఏడుపు అందుకున్నారు.

లారీలు మాట్లాడుకుని అందరం బాపట్ల వెళ్ళాం. మా అక్క ఆ ఇంటి వాకిట్లో కూలబడి, చూసి ఎరగని ఆ పిల్లవాడి కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది. మా బావ నాయకుడి రెండు చేతులూ పట్టుకుని, చిన్నదినం దాకా మా పడవలు నీళ్ళు తాకవండి అని అందరి ముందూ చెప్పాడు. ఆయన మా బావ భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. ఆ ఫోటో మర్నాడు పేపర్లో పడింది.

మా మేనల్లుడి పడవ మాత్రం ఆ రోజు తెల్లవారకముందే వేటకు పోయి ఉంది. తోడు ఇద్దరు కుర్రాళ్ళు. మేము బాపట్ల నుంచి తిరిగొచ్చేసరికి వాళ్ళు ఒడ్డుకు చేరి ఉంటారనుకున్నాం. చేరలేదు. వాడికి సముద్రం కొత్తా, గాలి మారి ఏ నిజాంపట్నం వైపో కొట్టుకుపోయి ఉంటారు, వస్తార్లే అన్నాడు బావ. మర్నాడు పొద్దెక్కినా రాలేదు.

వెతకడానికి పోవడం వేట కాదు కదా అని మీరు అడగవచ్చు. పూర్వం ఎవరో వెతికే వంకతో వల వేసుకొచ్చి గొడవలు పడ్డారట, అందుకని ఏ పని మీదైనా సరే పడవ దించకూడదని గట్టిగా పెట్టుకున్నారు. దించుదామా అని కుర్రాళ్ళు బావ వైపు చూశారు. బావ ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. నడి బాపట్లలో చేతులు పట్టుకుని ఇచ్చిన మాట ఆయనకు అడ్డం పడింది. అప్పుడు అక్క నా దగ్గరకు వచ్చి, "ఒరే తమ్ముడూ, నువ్వు చదువుకున్నోడివి, పోయి ఆయన్నడగరా. ఒక్క మాట అంటే చాలు, బిడ్డ పోయినోడు కదా, ఆయనకి తెలవదా" అంది.

పోయాను. ఆ ఇంటి ముందు ఇసుకేస్తే రాలని జనం. గేటు దగ్గర చేతికి నల్లగుడ్డ కట్టుకున్న ఒకాయన ఆపి సంగతేంటన్నాడు. చెప్పాను. "ఆయన కొడుకు పోయి ఏడుస్తుంటే పడవల గోలేంటయ్యా నీకు, మనిషివేనా" అన్నాడు. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడింది. తలా ఒక మాట అన్నారు. మా పల్లెవాళ్ళే, అక్కడే ఉండిపోయినవాళ్ళు, "ఊరుకోరా అబ్బాయ్, పరువు తీస్తన్నావు" అని నా చెయ్యి పట్టి లాగారు. కిటికీలోంచి ఆయన కనబడుతూనే ఉన్నాడు. చాప మీద కూర్చుని, గోడకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉన్నాడు. నేను అయ్యా అని గట్టిగా అరిచాను, నా గొంతు పగిలేలా అరిచాను. ఆయన తల తిప్పలేదు. ఆయనది దొంగ ఏడుపు కాదు, అంత దుఃఖంలో నా అరుపు వినబడి ఉండదు కూడా. నన్ను గెంటింది ఆయన కాదు, ఆయన మీద జాలిపడ్డ జనం. ఇన్నేళ్ళయినా నాకు మింగుడు పడనిది అదే.

చిన్నదినం అయిందని కబురు రాగానే పడవలన్నీ ఒక్కసారి కదిలాయి. మావాళ్ళ పడవ ఎంతో దూరంలో లేదు. ఇంజను చెడిపోయి, మడ అడవుల అవతల నీటివాలుకు అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంది. తోటి కుర్రాళ్ళిద్దరూ పెదాలు పగిలి, సొమ్మసిల్లి ఉన్నారు గానీ బతికారు. మావాడు లేడు. మంచినీళ్ళు అయిపోతే, మా నాన్న పడవలు పంపకుండా ఉండడు, ఇదిగో వచ్చేస్తుంటారు అని వాళ్ళకు ధైర్యం చెబుతూ కూర్చున్నాడట. చూసి చూసి, ముందురోజు సాయంత్రం, ఒడ్డు కనబడుతోంది ఈది పోయి మనుషుల్ని తీసుకొస్తానని దూకాడట. మళ్ళీ కనబడలేదు, శవం కూడా దొరకలేదు.

మా వాడి కోసం పల్లెలో దురాయి వేశారు. రేపల్లెలో ఒక్క షాపు మూయలేదు. మూస్తారని కాదు, చెబుతున్నానంతే.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. తెనాలి నుంచి బాపట్ల దాకా ఏ గోడ చూసినా పోయిన ఆ పిల్లవాడి బొమ్మే, దాని కింద తండ్రి బొమ్మ. జనం ఓట్లు కుమ్మరించారు. ప్రచారానికి మా పల్లె వచ్చినప్పుడు ఆయనకు మా సంగతి ఎవరో చెవిలో చెప్పారు, అక్క చేతులు పట్టుకుని ఇద్దరం ఒకటే అమ్మా అన్నాడు. రోడ్డు ఆ తర్వాతా రాలేదు. పోలింగు రోజున మా అక్క తలకు పోసుకుని పోయి ఆయనకే ఓటేసి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయి నానా మాటలూ అన్నాను. అంతా విని, "ఆయన బిడ్డ పోయింది అబద్ధమేంట్రా?" అంది.

బావ మళ్ళీ పడవ ఎక్కలేదు. రామాలయం ముందు పెద్దలు కూర్చుంటే ఆ దారిన పోవడం కూడా మానేశాడు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు, ఒకే కంచం ముందు కూర్చుని తింటూ అలాగే ముసలివాళ్ళయ్యారు. నిరుడు బావ పోయాడు. దురాయి మాట ఇప్పుడు పల్లెలో పిల్లలకు తెలియనే తెలియదు. ఆయన్ని మోసుకుపోతుంటే పక్కనే ఇంజన్ల మోత, ఒక్క పడవ ఆగలేదు. పాతకాలం వాళ్ళు నొచ్చుకున్నారు. ఇదే బుద్ధి ఆనాడు ఉంటే అని నేను పళ్ళు కొరుక్కున్నాను, అదే సమయంలో పల్లె పెద్ద పోతే కాసేపైనా ఆగలేరా అని ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత అక్కను తెనాలి తెచ్చుకున్నాను.

మొన్న హోటలు నుంచి ఇంటికొచ్చేసరికి అక్క టీవీ ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, పొద్దున వార్తలో చెప్పిన నాయకుడి కూతురి కోసం ఏడుస్తోంది. నన్ను చూడగానే ముక్కు చీది, "తమ్ముడూ, పల్లెకి ఫోను చెయ్యరా, పడవలేమన్నా ఆపారేమో కనుక్కో" అంది. చేశాను. బావ తమ్ముడి మనవడు ఎత్తి నవ్వాడు. "ఆపడమేంటి తాతా, ఎందుకాపుతాం?" అన్నాడు. ఆపలేదక్కా అని చెప్పాను. "పోన్లే, మంచి పని చేశారు" అంది, అని మళ్ళీ టీవీ వైపు తిరిగి ఏడుపు అందుకుంది. ఈసారి ఎవరి కోసమో నేను అడగలేదు.