క్యాలెండర్ కాగితం వెనక

గుడివాడలో మా పక్కింటికి కోడలిగా వచ్చేనాటికి ఇంద్రజ గారికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. వాళ్ల నాన్నగారు జాంబియాలో లెక్కల మాస్టారు. ఆవిడ చదువంతా అక్కడే, ఇంగ్లీషులో సాగింది. 1996లో పెళ్లయ్యాక ఇంగ్లీషులో రాయాల్సిన పని ఒక్కటీ మిగల్లేదు. భర్త గోవర్ధనరావు గారికి పామర్రులో ఎరువుల కొట్టు. ఇంట్లో మాటలన్నీ వడ్లు, వాన, కరెంటు కోత.

"రాయకపోతే చెయ్యి మర్చిపోతుందండీ" అనేవారు ఇంద్రజ గారు.

అత్తగారు సత్యవతమ్మ గారు రోజూ పొద్దున్నే వర్జ్యం చూసుకోవడానికి క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపేవారు. ఇంద్రజ గారు దాని వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాలతో పదిహేను వరుసలు రాసి బిస్కెట్ల డబ్బాలో దాచేవారు. రోజుకి ఒక్క కాగితమే. జ్వరం వచ్చినా మానలేదు.

ఏం రాస్తారో తెలుసుకోవాలని నాకు ఎంత కోరికో! ఎం.ఏ. ఇంగ్లీషు చదివానన్న మాటే గానీ అడగడానికి మొహమాటం. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు ఎదురింటి సరోజ గారు మాత్రం సత్యవతమ్మ గారితో అనేశారు.

"ఇంకేం రాస్తుందొదినా, నీ గురించే!"

మర్నాటి నుంచి చింపిన కాగితాలు సత్యవతమ్మ గారి తలగడ కిందికి చేరాయి.

"నోట్సులో రాసుకోండి" అన్నాను ఇంద్రజ గారితో.

"ఆవిడకి ఇష్టం లేదని తెలిశాక వేరే కాగితం మీద రాస్తే దొంగతనంలా ఉంటుంది" అన్నారు.

ఐదో రోజున సత్యవతమ్మ గారు నన్ను పిలిచారు. డబ్బా ఒళ్లో ఉంది.

"నువ్వు ఇంగ్లీషు ఎమ్మే కదే బిందూ. కోడలు స్నానానికెళ్లింది. గబగబా చదివి చెప్పు. నా గురించైతే ఈ రాతలు ఇంతటితో సరి."

నా చెయ్యి మూత దాకా వెళ్లింది. "ఆవిడని అడిగి చదువుతాను పిన్నిగారూ" అన్నాను. 

"అడిగితే ఇస్తుందా పిచ్చిమొహమా!"

తలకి తువ్వాలు చుట్టుకుని ఇంద్రజ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కోప్పడతారనుకున్నాను.

"చదవండి బిందూ. ఇన్నాళ్లూ ఎవరూ చదవలేదు. బాగుందో లేదో నాకే తెలీదు." అత్తగారి వైపు తిరిగారు. "చాలావరకు మీ గురించే అత్తయ్యగారూ."

పై కాగితం తీసి తెలుగులో చెప్పాను. "అత్తయ్యగారు గోంగూర అమ్మేదానితో పావుగంట పోట్లాడి ఓడిపోయారు. తర్వాత, ఎండన పడి వచ్చిన మనిషికి కాసిని మజ్జిగైనా ఇవ్వలేదని సాయంత్రం దాకా గొణుక్కున్నారు. నాతో మాత్రం గెలిచానన్నారు."

సత్యవతమ్మ గారు ముందుకు వంగి కాగితంలోకి చూశారు.

"ఓడిపోయానని రాసిందా?"

"అవునండీ."

"ఓడిపోలేదే! ఆఖర్న రెండు కట్టలు కొసరేసింది. అప్పుడు ఈ పిల్ల లోపల అన్నం వారుస్తోంది, చూస్తేగా! ఏదీ, ఇంకోటి చదువు."

పదకొండు చదివాను. పదకొండోది డబ్బా అడుగున దొరికింది, చాలా చిన్నది. "అత్తయ్యగారి పుట్టిల్లు దివిసీమ. అక్కడే ఉండిపోయిన తన పెళ్లి పెట్టె ఉప్పెనలో కొట్టుకుపోయిందన్నారు. అందులో ఏమున్నాయని అడిగేలోపు పప్పు మాడుతోందని లేచిపోయారు."

సత్యవతమ్మ గారు కోడలి వైపు చూశారు. "ఎప్పుడన్నానే ఆ మాట?"

"నేను వచ్చిన మొదటి ఏడాది."

ఆవిడ లేచి తలగడ కింది ఐదు కాగితాలూ తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. మళ్లీ ఏదో ఆలోచించి, గోడ దగ్గరికి వెళ్లి ఆ రోజు కాగితం కూడా పర్రున చింపారు.

"ఆ పెట్టెలో ఏవున్నాయో చెబుతాను, రాసుకో. ఒక్క కాగితానికి పట్టేది కాదు. బిందూ, సరిగ్గా రాసిందో లేదో చూడు."

వాళ్లిద్దరూ పెరట్లో కూర్చుని ఉండగా సరోజ గారు వర్జ్యం అడగడానికి వచ్చారు. గోడ మీద రేపటి తేదీ ఉంది.