ఇరవై నాలుగో భాగం కోసం అడవిదారి

మా చిన్నతనంలో బొమ్మల కథ ఎక్కడ ఆగితే మేమూ అక్కడే ఆగిపోయేవాళ్లం. మిగతాది చదవాలంటే ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి, వాళ్ల ముందు వారం రోజులు బుద్ధిమంతుల్లా మసలాలి. తొమ్మిదో తరగతిలో నేను ఒక కెప్టెన్ గారి సాహసాల మీద అలా మనసు పారేసుకున్నాను. మొత్తం ఇరవై నాలుగు భాగాలు. ఖమ్మంలో బతిమాలి, అలిగి, ఒకసారి దొంగిలించి (తిరిగి పెట్టేశాను లెండి) ఇరవై మూడు పూర్తి చేశాను. చివర్లో కెప్టెన్ జలపాతం మీద తాడు పట్టుకుని వేలాడుతున్నాడు, తాడు తెగబోతోంది. ఆ బెంగతో రెండు నెలలు నాకు అన్నం సయించలేదు (పెరుగన్నం మాత్రం సయించేది).

శివరాత్రి సెలవులకు దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం మజ్జిగ కోసం వచ్చిన ఫారెస్టు గార్డు భార్య మాటల్లో చెప్పింది, ఆ చివరి భాగం తమ క్వార్టర్లో ఉందని. "కావాలంటే నువ్వే ఉంచుకో. రేపు పొద్దుగాల లారీ వస్తది, బదిలీ మీద పోతున్నం" అంది. నా ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ మాత్రం, "అడవిలోకా? కాళ్లిరగ్గొడతాను" అని కొంగు పరుచుకుని పడుకుంది. కోస్తా నుంచి వలస వచ్చి ఇరవై ఏళ్లు అడవి పక్కన వ్యవసాయం చేసినా, ఆవిడ లెక్కలో అడవంటే గేదెలు తప్పిపోయే చోటు, అంతే. ఆవిడ గురక మొదలవగానే నేను పరిగెత్తి గార్డు భార్యను కలుసుకున్నాను. పెద్దమ్మ పంపిందని చెప్పాను. ఆమె వెనక నడుస్తూ, కెప్టెన్ పద్ధతిలో పది అడుగులకోసారి చేతికందిన తునికి కొమ్మ విరుస్తూ వెళ్లాను. ఆ పిచ్చి పని ఆమె చూడకుండా ఎంత జాగ్రత్త పడ్డానో!

క్వార్టర్లో గిన్నెలు సర్దడానికి సాయం చేసి, పుస్తకం గుండెకు హత్తుకుని బయల్దేరాను. "ఒక్కదానివే పోతవా? తోడు పంపాల్నా?" అని ఆమె అడిగింది. "అక్కర్లేదండీ, దారి గుర్తులు పెట్టుకున్నాను" అన్నాను గొప్పగా. వాగు దాటి చూద్దును కదా, ఒక్క గుర్తూ లేదు. అసలు తునికి పొదలే లేవు. ఎటు చూసినా మొదలంటా నరికిన మోళ్లు, కింద కుప్పలుగా పచ్చి కొమ్మలు. మేకల బాటలు నాలుగు వైపులకూ పోతున్నాయి. కెప్టెన్ ఇరవై మూడు భాగాల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను ముక్కు చీదుతూ ఏడ్చాను. ఎలుగుబంటి గుర్తొచ్చింది, ఆ వెంటనే పెద్దమ్మ గుర్తొచ్చింది. ఇద్దరిలో ఎవరు నయమో తేల్చుకోలేకపోయాను.

అంతలో కత్తి చేతబట్టుకుని ఒక కోయ అవ్వ మోళ్ల మధ్య నుంచి వచ్చింది. "ఏంది బిడ్డా, గిట్ల ఏడుస్తున్నవు?"

"నేను విరిచిన కొమ్మలు కనబడట్లేదు అవ్వా. వాటిని చూసుకుంటూ ఇంటికి పోదామనుకున్నాను."

అవ్వ కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. "గవి నువ్విరిచినవా? ఏ పశువో మేసిందనుకున్నం. ఎండకాలం బీడీ ఆకు లేతగ రావాలంటే ఇప్పుడే తునికి కొట్టాలె కద. పొద్దుగాల్నుంచి అందరం గదే పని మీదున్నం, ఈ దిక్కు ఇప్పుడే వచ్చినం. నడువు, తోల్కపోత."

తోటివాళ్లకు వాళ్ల భాషలో ఏదో చెప్పింది. వాళ్లూ నవ్వారు. తన పని వదిలేసి నా ముందు నడిచింది. వాకిట్లో పెద్దమ్మ వేపబెత్తంతో నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే అవ్వ అందుకుంది: "నేనే తోల్కపోయిన అమ్మా, తునికి కొట్టుడు చూస్తనంటే. పోరిని ఏమనకు." పెద్దమ్మ బెత్తం దించి, "చెప్పి తీసుకెళ్లొద్దా?" అని అవ్వ మీదే విసుక్కుంది. నాకు పడాల్సిన చివాట్లు అవ్వ నవ్వుతూ పడింది. నేను మాత్రం అప్పటికే లోపలికి పరిగెత్తి తలుపేసుకున్నాను.

కెప్టెన్ రెండు పేజీల్లో బయటపడ్డాడు. తలచుకుంటే ఇప్పుడు సిగ్గూ నవ్వూ రెండూ వస్తాయి. ఆ ఇరవై నాలుగు భాగాల్లోని దొంగల పేర్లన్నీ ఈనాటికీ నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతాను. నన్ను ఇల్లు చేర్చి, నాకోసం అబద్ధమాడి, తిట్లు తిని వెళ్లిన అవ్వ పేరు మాత్రం అడగనే లేదు.