కొమ్ము లేని పేడపురుగు

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. మీరు నన్నెరగరు గనుక మీకు చెప్తున్నాను. నన్ను తలుచుకుంటే నాకే రోత.

అప్పట్లో బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. దివిసీమ పేడపురుగుల్ని జాతులవారీగా వర్గీకరించడానికి మద్రాసు నుంచి నాకు పరిశోధన గ్రాంటు వచ్చింది. మా కాలేజీలో అంతకుముందు ఎవరికీ రాలేదు. నాగాయలంక వైపు లంకల్లో, గేదెలు మేసేచోట పేడ కెలికి పురుగుల్ని పట్టుకొచ్చేవాణ్ణి. వాటికి బొమ్మలు వేసిపెట్టింది కామేశ్వరమ్మగారు. గుడివాడలో ఆడపిల్లల బడి పంతులమ్మ. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆవిడ గీసిన పురుగు కాగితం మీంచి పాకిపోతుందేమో అనిపించేది.

ఆ పురుగుల్లో ఒకటి నల్లగా, తలమీద కొమ్ముతో ఉండేది. ఇంకొకటి రాగిరంగు, కొమ్ము లేదు. రెండూ వేర్వేరు కొత్త జాతులని రాసి మద్రాసు పంపాను. రెండోదానికి గ్రాంటు ఇచ్చే సంఘంలోని పెద్దాయన పేరు పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు విడిగా చెప్పాలా?

రెండు జాతులనడం అప్పటికి పొరపాటే. నిజంగా తెలియదు. ఈ మాట రాస్తూ కూడా నన్ను నేను వెనకేసుకొస్తున్నానా?

గ్రాంటు పొడిగించాలా వద్దా చూడటానికి ఆ పెద్దాయనే బందరు వచ్చాడు. ఆ ఉదయమే కామేశ్వరమ్మగారు రైలు దిగి, చేతిలో ఒక కుండతో, ఆయన కూర్చుని ఉండగానే నా గదికి వచ్చింది. కుండలో మట్టి, గేదె పేడ. అంత ఆచారం ఉన్న ఇంటి మనిషి, నెలల తరబడి తన చేత్తో పేడ మారుస్తూ పురుగుల్ని పెంచింది.

"ఇవి రెండు జాతులు కావండీ," అంది గబగబా. "ఒక్క తల్లి పెట్టిన గుడ్లలోంచే రెండు రకాలూ వచ్చాయి. కొమ్మున్నది మగది, లేనిది ఆడది. మీ వ్యాసం అచ్చు కాకముందే చెబుదామని పరిగెత్తుకొచ్చాను."

నన్ను కాపాడటానికి వచ్చింది. అది గుర్తుంచుకోండి.

ఎవరీవిడ, కుండలో ఏమిటి అని తెలుగు రాని పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు. నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను. బొమ్మలు వేస్తుందండీ, పాపం, భర్త పోయినప్పటి నుంచి మతి సరిగ్గా లేదు, పేడతో కాలక్షేపం చేస్తుంది అని. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడకి అంత ఇంగ్లీషు రాదనుకున్నాను.

"మీరన్నది నాకు అర్థమైందండీ," అంది నాతో. గొంతు పెంచలేదు. "కుండ ఇక్కడే పెట్టి వెళ్తున్నాను. ఆయన వెళ్ళాకైనా మూత తీసి చూడండి."

చూశాను. కొమ్మున్నది కొమ్ము లేనిదానితో జతకట్టి ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి? రెంటినీ అలాగే విషం సీసాలో వేశాను. చచ్చాక కూడా విడిపోలేదు. చిన్న పట్టకారుతో లాగి విడదీసి, చెరో పెట్టెలో సూది గుచ్చి, చెరో పేరు రాసిన చీటీ అంటించాను. కుండ పెరట్లో పారబోసి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. పేడ ముట్టుకున్నందుకు కడుక్కున్నాను, దేనికి కడుక్కోవాలో తెలియనట్టు.

అక్కడితో ఆగానా? ఆవిడ మద్రాసుకి ఉత్తరం రాస్తుందేమోనని భయం. ఆవిడ పనిచేసే బడి మేనేజరుకి నేనే ముందు రాశాను. ఎంత తీయగా రాశానో! ఆవిడ ఆరోగ్యం గురించి దిగులుగా ఉందనీ, చిన్నపిల్లల మధ్య ఉండే మనిషి గనుక తమరు ఒక కంట కనిపెట్టి ఉండాలనీ. నెల తిరక్కుండా బడి మానిపించారు.

చల్లపల్లిలో అన్నగారింటికి చేరింది. మతి మరీ చెడుతుందని అక్కడ కాగితం, పెన్సిలు కూడా చేతికివ్వలేదట. ఆవిడతో పనిచేసిన పంతులమ్మ ఒకరు రైల్లో నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ ఉత్తరం రాసింది ఎవరో ఆమెకు తెలియదు. నేను "అయ్యో పాపం" అన్నాను. ఆ నాలుకతోనే ఆ పూట అన్నం తిన్నాను.

వ్యాసం రెండు జాతులతోనే అచ్చయింది, గ్రాంటు పొడిగించారు. తర్వాత ఇంకొకటి ఇచ్చారు. ఆ రోజుల్లోనే చల్లపల్లి దాకా ఒక్కసారి వెళ్ళి, ఆ అన్నగారి ముందు నిజం చెప్పి ఉంటే నాకు పోయేదేమిటి? ఉద్యోగం పోయేది. పరువు పోయేది. పోనిచ్చేవాణ్ణి కాను. అంతే సంగతి, దీన్ని తిప్పి తిప్పి రాయడమెందుకు?

పోయిన ఏడు కామెర్లు వచ్చి కామేశ్వరమ్మగారు చనిపోయింది.

ఆ పురుగు ఒకటే జాతి. కనిపెట్టింది ఆవిడ. ఆవిడకి మతి లక్షణంగా ఉంది. ఆవిడ మతి సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా చెల్లదు, చెల్లే మనిషి లేదు. రాసేశాక మాత్రం గుండె కాస్త తేలికపడింది. ఆ తేలికపడటం చూసి కూడా నాకు అసహ్యంగానే ఉంది.