పేరు లేని రోగి

మా చర్చి సంఘానికి కోశాధికారి కాంతం. చనిపోయిన నా తమ్ముడి భార్య. అంగన్‌వాడీ పిల్లలకు అన్నం పెట్టి, ఇంటికొచ్చి బాలింత కోడలికి పథ్యం వండి, అప్పుడు సంఘం లెక్కలు చూస్తుంది. ఊరి బడిలో ఐదో తరగతి చదివిన నేను ఈ మందిరానికి పునాది వేయించాను, గంట తెప్పించాను, ముగ్గురు పాస్టరు అయ్యగార్లతో పనిచేశాను. కాంతాన్ని ఆ పదవిలో నిలబెట్టిందీ నేనే.

వానలకు ముందే మందిరం పైకప్పు మార్చాలని చందాలు పోగుచేశాం. ఆ శుక్రవారం మధ్యాహ్నం కాంతం ఫోను పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"బావా, డేవిడ్‌రాజు అయ్యగారు మెయిలు పంపినారు. ఆస్పత్రిలో ఎవులికో పేనం మీదకొచ్చిందట. కప్పు డబ్బులు ఈ ఖాతాలో ఎంటనే ఎయ్యమన్నారు. ఎవులికీ సెప్పొద్దట. కుడిసెయ్యి సేసింది ఎడమసేతికి తెలియకూడదని బైబిలు వాక్యం కూడా రాసినారు."

అయ్యగారి పేరుంది, ఫొటో ఉంది. ఆయనేమో ఆమదాలవలసలో ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. సాయంత్రం దాకా ఫోను ఎత్తరు.

"అయితే ఎయ్యి. అయ్యగారి మాటకి ఎదురేటి?" అన్నాను.

"ఏస్తాను గానీ, ముందు ప్రార్థన సెయ్యాలి కదా. రోగి పేరేటని అడుగుతాను."

పేరు, ఊరు, జబ్బు చెప్పాకే మా సంఘంలో ఎవరికోసమైనా మోకాళ్లు వంచుతాం. జవాబు వెంటనే వచ్చింది: 'పేర్లు అడిగే సమయమా ఇది? పంపండి.'

కాంతం చెయ్యి ఆగిపోయింది. "పేరు సెప్పకుండా అయ్యగారు ఏనాడైనా ప్రార్థన అడిగినారా బావా?"

పంపినవారి పేరు మీద నొక్కి చూసింది. కింద ఉన్నది అయ్యగారి మెయిలు చిరునామా కాదు. ఎన్నడూ చూడనిది.

"మరి నిజంగానే ఎవులైనా సచ్చిపోతే? ఆ ఉసురు నాకే తగుల్తాది."

అయ్యగారినే అడుగుదామని ఇద్దరం ఆటో ఎక్కి ఆమదాలవలస వెళ్లాం. ప్రార్థన ముగిసేదాకా వరండాలో కూర్చున్నాం. కాంతం మోకాళ్లు నొక్కుకుంటూ ఉండిపోయింది. అయ్యగారు బయటికొచ్చి, ఆమె ఫోనులో మెయిలు చదివి, "నేను రాయలేదమ్మా," అన్నారు.

డబ్బు దక్కిందన్న సంతోషం ఆమె ముఖంలో కనబడలేదు.

"రేపు మీ పేరుతో వస్తాది. ఎల్లుండి బేంకు పేరుతో వస్తాది. ఎన్నని సూడను? ఈ పని ఇంకెవులికైనా ఇయ్యండి బావా," అంది, తిరుగు ఆటోలో.

ఆదివారం ఆరాధన అయ్యాక, కోశాధికారి పని ఎవరు తీసుకుంటారని సభలో అడిగాను. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు.

"ఒసే కాంతం, నీకున్నంత అనుమానం మాకెవులికుందే? నువ్వే ఉండు," అని ఆడవాళ్ల వరసలోంచి ప్రిస్కిల్లా నవ్వింది.

కాంతం నవ్వలేదు. "సరే, నా పేరే రాసుకోండి," అని చెప్పి, కోడలికి అన్నం వేళ దాటిపోతోందని వెళ్లిపోయింది.