లడ్డూలు గోవిందా

మా ఊళ్ళో తెలుగు హాస్యనాటకం చదివిన మొదటి రోజు ప్రేక్షకులు చెప్పులు బయట విప్పి వచ్చారు. అది మంచి శకునమనుకున్నాను. కాలేజీలో చదువుకున్నవాడికి శకునాలు చూడడం సరిగ్గా రాదు.

ఊరు బెల్ ఎయిర్ రివియేర్ సెష్, చెరకు తోటల్లో కూలికి మా ముత్తాతలు వచ్చిన దీవిలో ఉంది. నేను అప్పట్లో క్యూర్‌పైప్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వారమంతా అక్కడి వానలో నాని, ఆదివారం ఆరడానికి ఇంటికొచ్చేవాణ్ణి. తెల్లవాళ్ళు వెళ్ళిపోతారని దీవంతా చెప్పుకుంటున్న రోజులవి. ఆ సంగతి వాళ్ళు మాత్రం ఇంకా చెప్పలేదు.

మా తెలుగు మాస్టారిని ఊరంతా గురూజీ అనేది. గుడి పక్క హాల్లో సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఆయన దగ్గర ఓడ మీద తెప్పించుకున్న నాటకాల పుస్తకం ఒకటి ఉండేది. రాసినాయన పాతకాలపు మహానుభావుడు, గంభీరమైన నాటకాలకు పేరుపడ్డవాడు. ఆయనే సరదాగా రాసిన చిన్న చిన్న హాస్యనాటకాల జోలికి ఆంధ్రదేశంలో కూడా ఎవరూ పోరని గురూజీ గర్వంగా చెప్పేవారు. ఆ మాటను నేను హెచ్చరికగా తీసుకుని ఉండాల్సింది.

వాటిలో పద్యాల్లేవు, యుద్ధాల్లేవు, కిరీటాల్లేవు. ఉన్నవన్నీ మాటలే.

"మాటలేగా, కూర్చుని చదివేద్దాం" అన్నారు గురూజీ. "వేషాలు అక్కర్లేదు. మూడు కుర్చీలు, ఒక బల్ల చాలు."

"మరి వినేవాళ్ళకి?"

"వాళ్ళకి బెంచీలున్నాయి."

తెలుగు వస్తుందా అని నేను అడిగింది ఆయనకు అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నారు.

ఊళ్ళో తెలుగు తడుముకోకుండా చదవగలిగేది ముగ్గురమే. పూజారిగారు పిసినారి పాత్ర చదివారు. గురూజీ తెల్లమీసాలతోనే ఆయన భార్య అయ్యారు. నేను బావమరిదిని. కథ తేలికైనది. పిసినారి లడ్డూల కుండను అటక మీద దాచి కాపలా కాస్తుంటాడు. భార్యా, బావమరిదీ ఏదో ఒక వంకతో ఆయన్ని వీధిలోకి పంపిస్తూ, పంపినప్పుడల్లా ఒకటి తినేస్తుంటారు. చివరికి ఆయన కుండలో చెయ్యి పెట్టి, అడుగంతా తడిమి, కొంప మునిగినట్టు "లడ్డూలు గోవిందా!" అని కేక వేస్తాడు.

ఆంధ్రలో ఏదైనా చెయ్యిజారిపోతే గోవిందా అంటారు. పోయింది, ఇక రాదు అని. ఓడెక్కిన మా ముత్తాతలు గోవిందుణ్ణి వెంట తెచ్చుకున్నారుగాని, ఈ రెండో అర్థాన్ని రేవులోనే వదిలేశారు. మా వాళ్ళకు తెలుగంటే పూజ, పాట, అత్తా మామా. మిగతా బతుకంతా దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో జరిగిపోతుంది.

నాటకం సాగినంతసేపూ ఎవరూ దగ్గనైనా లేదు. పూజారిగారు కేక వేశారు. "లడ్డూలు గోవిందా!"

హాలంతా చేతులు జోడించి "గోవిందా!" అంది.

ఏకకంఠంతో అంది. మా వాళ్ళ తాళంలో ఒక్క తప్పు లేదు. ఒక ముసలమ్మ లేచి వచ్చి గురూజీ కాళ్ళకు దండం పెట్టింది. ఆయన అప్పటికింకా పిసినారి భార్యగానే ఉన్నారు. తరవాత మా అత్త వేసి తెచ్చిన గాతో పిమాలు పంచాం. శనగపప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు వేసి వేయించే వడలవి, టీలోకి బాగుంటాయి. వాటినీ రెండు చేతులా ప్రసాదంలా అందుకుని కళ్ళకద్దుకున్నారు.

ఊళ్ళో దుకాణం నడిపే ఆయనే హాలు కమిటీకి పెద్ద. నాలుగు ముక్కల చెరకు పొలం కూడా ఉంది. వచ్చి గురూజీ చెయ్యి పట్టుకున్నాడు.

"త్రే జోలి, గురూజీ! త్రే జోలి ప్రార్థన!"

క్రియోల్‌లో త్రే జోలి అంటే చాలా అందంగా ఉందని.

"అది ప్రార్థన కాదండీ, ప్రహసనం."

"అదే, అదే" అన్నాడాయన. "వచ్చే ఆదివారం కూడా పెట్టండి. ఆ పైన ఆదివారాలంటారా, ప్రార్థనలకి మనకి భజన వాళ్ళున్నారు కదా గురూజీ. వాళ్ళకి డోలక్ కూడా ఉంది."

మా దగ్గర డోలక్ లేని మాట నిజమే.

గురూజీ హాలుకు తాళం వేశారు. తరవాత అన్నారు: "పిల్లలు క్రియోల్‌లో పోట్లాడుకుంటారు. భోజ్‌పురిలో తిట్టుకుంటారు. తెలుగు పుస్తకం తెరవగానే చేతులు కట్టుకుంటారు. దేవుడితో తప్ప మాట్లాడని భాషని ఇంటికెవడు తీసుకెళ్తాడయ్యా? నాకు ఒక్క నవ్వు చాలు. ఆ హాల్లో, తెలుగు మాటకి, అర్థమై నవ్వాలి."

"పోనీ, ముందే క్రియోల్‌లో అర్థం చెప్పేద్దామా?"

"హాస్యాన్ని విప్పి చెప్పడమా? దాన్ని శవపరీక్ష అంటారు."

ఆఫీసులో నాకు హాస్యగాడినని పేరు. నా హాస్యం ఫైళ్ళ మధ్య తప్ప ఎక్కడా పనికి రాదని ఆ వారం తెలిసింది.

తరవాతి ఆదివారం ఉదయం అత్త వంటింట్లో కూర్చుని పచ్చిమిరపకాయలు తరుగుతున్నాను. అత్త మా నాన్నకు అక్క. తెలుగు చదవడం రాదు, పాడడం వచ్చు. నానబెట్టిన పప్పు రుబ్బుతూ నన్ను ఓరగా చూసింది.

"ఏంట్రా ఆ మొహం? ఎవరు పోయారు?"

"నవ్వు పోయింది అత్తా."

"మిరపకాయ చెయ్యి కంట్లో పెట్టుకోకు. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. లడ్డూల సంగతి, కుండ సంగతి, రెండో గోవిందా సంగతి. అత్త చెయ్యి రోట్లోనే ఆగిపోయింది.

"పోతే గోవిందా అంటారా?"

"లడ్డూ పోయినా అంటారు. బస్సు పోయినా అంటారు. ఉద్యోగం పోయినా అంటారు."

"అయ్యో! మేం దండం పెట్టామే!"

కాసేపు ఆలోచించింది. "మీ మామకి పెళ్ళినాడు నడుం ఉండేది, ఇంతే. గోవిందా అనచ్చా?"

"అనచ్చు."

"నడుం గోవిందా!" అని గట్టిగా అంది, అనేసి పిండి చేత్తోనే నోరు మూసుకుని ఊగిపోయింది. వరండాలోంచి మామ, "లోపల పూజ ఎవరు చేస్తున్నారే?" అన్నాడు. దాంతో అత్తకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆ నవ్వు గురూజీ వినాల్సింది. కాని అది హాలు కాదు, వంటిల్లు.

ఎక్కిళ్ళు తగ్గాక అత్త, "నువ్వు చదివేది చదువు. గాతోల సంగతి నాకొదిలెయ్" అంది.

ఆ మధ్యాహ్నం హాలు మొదటిసారి కన్నా నిండుగా ఉంది. మా మహిమ నాలుగు ఊళ్ళకు పాకినట్టుంది. ఒకావిడ పూలు తెచ్చింది, ఇంకొకాయన కర్పూరం తెచ్చాడు. గురూజీ వాటిని చూసి పుస్తకంలోకి తలదించేసుకున్నారు. చదవడం మొదలుపెట్టాం. బావమరిదిగా నేను ఎంత కొంటెగా చదివితే ముందు బెంచీ అంత భక్తిగా వింది. కమిటీ పెద్ద కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు.

పూజారిగారు చివరి పేజీకి వచ్చారు. "లడ్డూలు గోవిందా!"

"గోవిందా!" అంది హాలు.

వెనక బెంచీలోంచి అత్త లేచింది. చేతిలో మొన్న గాతోలు తెచ్చిన బుట్టే. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి బోర్లించింది. ఏమీ రాలలేదు.

"జోర్ది గాతో పేనా" అంది. ఇవాళ గాతోలు లేవు. "మేక తినేసింది. గాతో పిమా గోవిందా!"

సగం మంది అలవాటుగా చేతులు జోడించబోయారు. చేతులు సగంలో ఆగిపోయాయి. గురూజీ మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

కమిటీ పెద్ద కళ్ళు తెరిచాడు. బుట్ట వైపు చూశాడు. "గాతో... గోవిందా?" అన్నాడు. పూజారిగారి వైపు చూశాడు. "లడ్డూ... గోవిందా." ఉన్నట్టుండి తొడ మీద ఒక్క చరుపు చరిచాడు. "ఒరే! వాడి లడ్డూలు అయిపోయాయిరా! పెళ్ళామే తినేసిందిరా!"

ముందు నవ్వింది ఆయనే. పక్కవాడికి క్రియోల్‌లో విప్పి చెప్పాడు, వాడు వెనకవాడికి చెప్పాడు, నవ్వు బెంచీ తరవాత బెంచీ వెనక్కి వెళ్ళి అత్త దగ్గరికి చేరింది. శవపరీక్ష క్రియోల్‌లోనే జరిగింది. గురూజీ అభ్యంతరం చెప్పలేదు.

"మళ్ళీ మొదట్నుంచి చదవండి!" అని అరిచారు.

చదివాం. ఈసారి ఒక్కో లడ్డూ పోతున్నప్పుడల్లా నేను నోరు తెరవకముందే "గోవిందా!" అంటూ పడీపడీ నవ్వారు. పిసినారి భార్య మధ్యలో చదవడం ఆపారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, హాల్లో చెమ్మ ఎక్కువైందన్నారు. మా ఊళ్ళో ఆ నెలంతా చినుకు పడలేదు.

అయిపోయాక అత్త బయట సైకిళ్ళ వెనక దాచిన డేగిసా తెచ్చి మూత తీసింది. గాతోల వేడి ఇంకా తగ్గలేదు.

"మరి మేక?" అన్నాను.

"మనకి మేకెక్కడిదిరా?"

భజన వాళ్ళకు హాలు శనివారాలకు మారింది. పుస్తకంలో ఉన్న మిగతా హాస్యనాటకాలు కూడా ఒకదాని తరవాత ఒకటి చదివాం. అన్నీ అంత బాగా పేలలేదు. వాటి జోలికి ఎవరూ ఎందుకు పోలేదో ఒకటి రెండు చోట్ల నాకూ అర్థమైంది. గోవిందా మాత్రం ఊళ్ళో పాతుకుపోయింది. బస్సు తప్పితే గోవిందా. దుకాణంలో చేపల డబ్బాలు అయిపోతే పెద్దాయన చేతులు దులుపుకుని గోవిందా అనేవాడు. తరగతిలో పిల్లలు పలకబలపం విరగ్గొట్టి మరీ అంటున్నారని గురూజీ నాకు ఫిర్యాదు చేశారు. అంత సంతోషంగా చేసిన ఫిర్యాదు నేను మళ్ళీ వినలేదు. అసలు పూజలో ఎవరో కిసుక్కుమన్నారని పూజారిగారు బాధపడ్డారు. ఎవరని అడిగితే తానేనన్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు మధ్యాహ్నం ఊరంతా ఆ దుకాణం రేడియో ముందు నిలబడ్డాం. రాజధాని మైదానంలో తెల్లవాళ్ళ పాత జెండా దిగుతోందని రేడియోలో చెబుతున్నారు. అందరం గంభీరంగా ఉన్నాం. అలాంటప్పుడు ఎలా ఉండాలో మాకెవరికీ తెలీదు. కొంతమంది టోపీలు తీశారు. జెండా కిందికి వచ్చేసిందని రేడియో చెప్పింది.

అత్త నిట్టూర్చి, "గోవిందా" అంది.

కొందరు చేతులు జోడించారు, కొందరు నవ్వారు. కమిటీ పెద్ద రెండూ చేశాడు. ఏది సరైన అర్థమో తేలుస్తారని నేను గురూజీ వైపు చూశాను. ఆయన ఎవరినీ దిద్దలేదు. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డారు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.